నాలుగో నంబరు పోస్టు గంట

చెవిపెట్టె మొట్టమొదట పలికిన మాట యుద్ధకాలం నాటిది కాదు. "ఇందులో పంచదార వెయ్యడం మర్చిపోయాడేటి?" అంది, అచ్చం మా డేవిడ్ రాజు గొంతుతో.

డేవిడ్ రాజు తన చేతిలోని టీ గ్లాసు వంక అనుమానంగా చూసుకున్నాడు. "నేను నోరే విప్పలేదు," అన్నాడు.

"ఇప్పుడు కాదంకుల్. ఏడాదిన్నర కిందట విప్పారు," అంది డాక్టర్ ఫరీదా. తెర మీద పాకుతున్న గీతల్ని చూస్తూ ఆ పిల్ల నవ్వాపుకుంటోందో, దిగులుపడుతోందో నాకు అంతుపట్టలేదు.

మేం కూర్చున్నది విశాఖపట్నం పాత ఊళ్లో, రేవుకి దగ్గరగా ఉన్న ఒకప్పటి గోదాములో. ఇప్పుడది ఊరి పాత కాగితాలు దాచే భవనం. రెండో ప్రపంచ యుద్ధంలో విమానదాడుల నుంచి జనాన్ని కాపాడడానికి ఏ.ఆర్.పి. అని ఒక దళం ఉండేది. దాని కాగితాలు నలభై ఒక్క చెక్కపెట్టెల్లో అక్కడ చెదలకు ఎదురుచూస్తూ పడి ఉండేవి. వాటిని దులిపి, చదివి, నంబర్లు వేసి, జాబితా రాయడానికి ఎవరైనా ముందుకొస్తారా అని పేపర్లో నాలుగు లైన్ల ప్రకటన పడితే ముగ్గురం వెళ్లాం. ముప్పయ్యేళ్లు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన నేను, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన డేవిడ్ రాజు, నా భార్య మంగతాయారు. నిజానికి ప్రకటన చూసింది ఆమె. నన్ను లాక్కెళ్లిందీ ఆమే. ఆమె పోయి ఎనిమిది నెలలైంది.

ఆ పెట్టెల్లో మాకు దొరికినవి పెద్దవాళ్ల పేర్లు కావు. ఒక దర్జీ, ఒక బడిపంతులు, సోడాలు అమ్మేవాడు, రేవులో పడవల మీద పనిచేసేవాళ్లు. నెత్తిన ఇనప టోపీ, చేతికి గుడ్డపట్టీ, మెడలో ఈల. వీధికొక పోస్టు, పోస్టుకొక వార్డెను. ఎవరింట్లో ముసలివాళ్లున్నారు, ఎవరు నెల తప్పారు, ఎవరికి చెవులు వినపడవు, అంతా చిన్న చిన్న అక్షరాలతో రాసుకునేవారు. "మూడో ఇంటి అవ్వ కందకంలోకి దిగలేదు, ఎత్తుకోవలెను" అని ఒక దర్జీ రాసిన కాగితం చూసి మంగతాయారు ఆ రోజంతా మురిసిపోయింది. ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఉంటున్నాను గానీ, ఊరంటే నాకు గర్వం కలిగింది ఆ పెట్టెల దగ్గరే.

విశ్వవిద్యాలయంలో ధ్వని గురించి పరిశోధించే ఫరీదా తన యంత్రాన్ని మోసుకుని మా దగ్గరికి వచ్చింది ఈ కాగితాల కోసమే. ఆమె దానికి పెట్టిన పేరు మా ఇద్దరికీ నోరు తిరగక, డేవిడ్ రాజు చెవిపెట్టె అన్నాడు. అదే నిలిచిపోయింది.

"ఈ బల్ల మీద చెయ్యి పెట్టండి సార్," అంది మొదటిరోజు. పెట్టాను. "డేవిడంకుల్, ఒకసారి గట్టిగా అటెన్షన్ అనండి."

డేవిడ్ రాజు అన్నాడు. గోదాము దద్దరిల్లింది. నా అరచేతి కింద బల్ల సన్నగా జలదరించింది.

"మనం రాస్తున్నప్పుడు చేతిలో పెన్సిలు కూడా ఇలాగే వణుకుతుంది. మనకి తెలీదు. మొన మాత్రం ఆ వణుకుని కాగితంలో గాడి చేసి పెడుతుంది. పాత గ్రామఫోను రికార్డులో ఉండేదీ అలాంటి గాడే కదా."

చెవిపెట్టె వెచ్చని సన్నటి కాంతితో ఆ గాడిని తడుముతుంది. చిక్కల్లా ఒకటే. ఆ వేడికి కాగితం పీచు ఉబ్బి గాడి పూడుకుపోతుంది. రాత చెరగదు, అక్షరం అక్షరంలాగే ఉంటుంది, లోతు మాత్రం పోతుంది. అంటే ఏ కాగితమైనా ఒక్కసారే పలుకుతుంది. అందుకే ముందుగా ఎవరికీ పట్టని కాగితం, ఇసక బకెట్ల జాబితా, పెట్టి చూశాం. ఒక గుమస్తా దగ్గు, కాకి అరుపు, ఎక్కడో పడవ కూత వినిపించాయి. వాటి మీదుగా డేవిడ్ రాజు పంచదార.

తప్పు మాదే. ఏడాదిన్నర కిందట మేం పనిలో చేరిన మొదటిరోజు పొద్దున్న మాకెవరూ పద్ధతి చెప్పలేదు. కాగితాల కట్టని కట్టలాగే ఉంచి, పై కాగితం వెనక పెన్సిలుతో నంబరు వేసుకుంటూ పోయాం. కింద మెత్తగా కట్ట ఉండడంతో అంకెలు దిగబడి ముందువైపుకి పొంగాయి. యుద్ధకాలపు కాగితం ఉల్లిపొర లాంటిది. గంట తర్వాత భవనం అధికారి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "నంబరు కవరు మీద వెయ్యాలండీ, కాగితం మీద కాదు! వేసినా గాజుపలక మీద పెట్టి పైపైన వెయ్యాలి!" అప్పటికి పది కాగితాలు పాడుచేశాం. ఆరు డేవిడ్ రాజువి, మూడు నావి. మంగతాయారు ఆ గంటసేపూ దుమ్ము తుడుస్తూ కూర్చుంది. ఆమె వేసిన నంబరు ఒక్కటే.

ఆ ఒక్కటీ ఎక్కడ పడిందో చెప్పాలంటే పోలమ్మ గురించి చెప్పాలి.

మా జాబితాలో వార్డెన్ల పేర్లలో ఒకదాని మీద అడ్డంగా ఎర్రసిరా గీత ఉంది. మైలపల్లి ఎర్రయ్య, గవ్వల వీధి, నాలుగో నంబరు పోస్టు. 1942 ఏప్రిల్లో ఊరి మీద బాంబులు పడిన మధ్యాహ్నం ఇతను గంట మోగించకుండానే పోస్టు వదిలి పారిపోయాడని విచారణ కాగితం. కింద సంతకం ఎవరిదో చదవడానికి రాదు. గవ్వల వీధి కొండ చాటున ఉండడంతో సైరను వినపడేది కాదు. పోస్టు దూలానికి వేలాడదీసిన గంటే ఆ వీధికి దిక్కు. ఆ రోజు అక్కడ గౌరి అనే ఏడేళ్ల పిల్ల చనిపోయింది.

ఆనాటి పోస్టు డైరీ పేజీ కూడా మాకు దొరికింది. "1.10. విమానములు. గంట" అని ఉంది. అక్కడి నుంచి ఒక గీత వంకరటింకరగా పేజీ అడుగుదాకా జారిపోయింది. వార్డెనుకి నియమం, ముందు రాయాలి, తర్వాత కదలాలి. పెన్సిలు పోకుండా దానికి దారం కట్టి, దారానికి పోస్టు తాళాల గుత్తి తగిలించేవారు. ఏటవాలు బల్ల మీద వదిలేస్తే తాళాల బరువుకి పెన్సిలు గీరుకుంటూ జారుతుంది. "పెన్సిలు విసిరి పారిపోయినందుకు ఈ గీతయే సాక్ష్యము" అని విచారణలో రాశారు.

మంగతాయారు తన నోటుపుస్తకంలో ఆ పేరు ఎదురుగా రాసుకుంది, "ఎందుకు కొట్టేశారు? కనుక్కోవాలి." కనుక్కోవాలి కింద రెండు గీతలు గీసింది. కనుక్కునేలోపే వెళ్లిపోయింది.

ఆమె పోయాక ఆ పని నేను చేశాను. ఎర్రయ్య కూతురు బతికే ఉంది. పేరు పోలమ్మ, తొంభై దాటాయి. సముద్రం ఒడ్డున మనవరాలి ఇంట్లో ఉంటోంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మనవరాలిని కేకేసి, దుకాణం నుంచి మూత తియ్యని కూల్ డ్రింకు తెప్పించింది.

"మంచినీళ్లు చాలమ్మా, మీ కుండలోవి," అన్నాను.

నా మొహం ఒకసారి చూసి, తనే లేచి లోటాతో తెచ్చింది. ఆ తర్వాత మాట్లాడడం సులువైంది.

"ఆయేళ మా అయ్యకి అన్నం అట్టుకెళ్లాను బాబూ. పోస్టుకాడ ఉన్నాను. ఇమానాలొచ్చీసినాయి. అయ్య ఏదో రాసీసి, గంట తాడు నా సేతిలో ఎట్టీసి, 'పోలీ, ఆపకుండా కొట్టు' అనీసి ఈదిలోకి పరిగెట్టాడు. ముసిలోళ్లని కందకంలోకి దింపడానికి."

"మరి విచారణలో ఈ మాట చెప్పలేదా?"

"సెప్పాడు. ఏడేళ్ల గుంట గంట కొట్టడమేటని నవ్వీసినారంట. ఈదిలో ఎవుళూ ఇన్లేదన్నారు. బాంబుల్లో ఏటినబడద్ది?" కాసేపు సముద్రం వైపు చూసింది. "పారిపోయినోడి కూతురని నన్ను సానామంది అన్నారు. అదీ కాదు నా బాద."

"మరేంటమ్మా?"

"తాడు అట్టుకున్నట్టు గురుతుంది బాబూ. లాగినట్టు గురుతు నేదు." రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. "మా అయ్య సచ్చీదాకా సెప్పాడు, 'కొట్టావమ్మా, నాను ఇన్నాను' అని. బిడ్డని కదా, ఊరుకోబెట్టడానికి అన్నాడేమో. గౌరి నా జట్టు. ఇద్దరం ఒకే గవ్వలతో ఆడుకునీవోళ్లం. నాను బయపడి కొట్టలేదేమో. నా వల్లే అది పోయిందేమో."

ఎనభై అయిదేళ్లుగా ఒక మనిషి మోస్తున్న ప్రశ్నకి జవాబు, చెవిపెట్టె నిజమే చెబుతోందంటే, ఆ జారిపోయిన గీతలో ఉంది. నేను చూస్తాను అని మాటిచ్చి వచ్చాను.

ఇసక బకెట్ల కాగితం పలికిన మర్నాడు ఫరీదా ఎర్రయ్య పేజీని కాంతికి అడ్డంగా పట్టుకుంది. పట్టుకుని, వెనక్కి తిప్పి చూసింది.

"సార్, వెనక ఈ నంబరు ఎవరు వేశారు?"

ఏడు అంకె. నడుముకి అడ్డగీత ఉన్న ఏడు. మా ఇంట్లో పచారీ చీటీల మీద నలభై ఏళ్లు చూసిన ఏడు.

"మా ఆవిడ," అన్నాను.

"ఇది సరిగ్గా ఆ గీత వెనకే పడింది. ముందుకి పొంగింది. ఇలాగే చదివితే రెండు రోజుల చప్పుళ్లు కలిసిపోయి ఏదీ తేలదు." గొంతు తగ్గించింది. "ఒక దారి ఉంది. ఆంటీ రాసింది మెత్తటి పెన్సిలుతో, లోతు తక్కువ. తడి ఆవిరి పట్టి దాన్ని చదును చెయ్యొచ్చు. అడుగున ఎర్రయ్యగారి గీత నిలుస్తుంది. కానీ ఆంటీ గాడిలో ఏముందో ఎప్పటికీ తెలీదు."

"ముందు వెనకవైపు చదివితే?"

"ఆంటీ గొంతు వినిపిస్తుంది. ఆ వేడికి ముందువైపు గీత పూడుకుపోతుంది."

మధ్యాహ్నం భోజనాల దగ్గర డేవిడ్ రాజు, "మా ఇంటిది రోజూ ఇద్దరికి సరిపడా కట్టేస్తాదండీ, దానికి కొలత తెలీదు," అంటూ సగం పులిహోర నా వైపు తోశాడు. ఎనిమిది నెలలుగా అతని భార్యకి కొలత తెలియడం లేదు.

మంగతాయారు ఆ ఏడు వేస్తుండగా ఏదో అంది. అది నాకు బాగా గుర్తు. నేను పక్కనే బల్లెక్కి, ఆడని ఫ్యానుతో కుస్తీ పడుతున్నాను. ఆమె తలెత్తకుండా రాసుకుంటూ ఏదో అని, తనలో తను నవ్వుకుంది. "ఏమిటీ?" అన్నాను. "ఏం లేదులెండి. మీరు ఫ్యాను సంగతి చూడండి," అంది. మళ్లీ అడగలేదు. అడగాల్సిన పెద్ద విషయమేమీ కాదు కదా అనుకున్నాను. మనిషి పోయాక పెద్ద మాటలు గుర్తుండి ఓదారుస్తాయి. వినకుండా వదిలేసిన చిన్న మాట ఒక్కటే చెవి దగ్గర తిరుగుతుంటుంది.

ఇంటికెళ్లి గ్లాసుడు బియ్యం కడిగాను. పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికేలోపు ఫరీదాకి ఫోను చేసి, "ముందు వెనకవైపే చదువుదాం," అన్నాను.

"సరే సార్. అది మీ హక్కు," అంది ఆ పిల్ల. ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. అదే కష్టంగా తోచింది.

మర్నాడు పొద్దున్నే పోలమ్మ దగ్గరికి వెళ్లాను. దారి పొడవునా మాటలు పేర్చుకున్నాను. కాగితం పాతబడింది, గీత అరిగిపోయింది, యంత్రానికి అందడం లేదు. అన్నీ వరసగా అప్పజెప్పాను. అబద్ధం చెప్పేటప్పుడు నాకు పాఠం చెప్పే గొంతు వస్తుందని మంగతాయారు అనేది.

పోలమ్మ అంతా విన్నది. తల ఊపింది.

"పోన్లే బాబూ. బాద పడకు," అంది, నన్నే ఓదారుస్తూ. "ఇన్నేళ్లకి మా అయ్య పేరు అడుగుతా ఒకళ్లు మా గుమ్మంలోకొచ్చారు. కూకుని నీళ్లు తాగారు. నాకదే సాలు. మా అయ్య సూత్తే ఎంత మురిసిపోయీవోడో." లోటా నా ముందు పెట్టింది. ఈసారి అడక్కుండానే కుండలో నీళ్లు.

ఆ నీళ్లు తాగి లేచాను. వాకిలి దాటి, ఆరబెట్టిన వలల దాకా వెళ్లాను. అక్కడ నా కాళ్లు ఆగాయి. జేబులో మంగతాయారు నోటుపుస్తకం ఉంది. అది లేకుండా ఎక్కడికీ వెళ్లడం లేదు అప్పట్లో. తీశాను. "కనుక్కోవాలి." రెండు గీతలు.

వినకుండా వదిలేసిన మాట ఏమిటో నాకు తెలీదు. రాసి వెళ్లిన మాట మాత్రం ఇదిగో, ఆమె చేతిరాతతో నా చేతిలో ఉంది.

వెనక్కి వెళ్లాను. "అమ్మా, నేను ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాను. మొత్తం చెప్పాను, ఏడు అంకె సంగతి, ఫ్యాను సంగతి కూడా.

పోలమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! వొద్దు బాబూ. నా గంట కోసం ఆయమ్మ మాట పోగొట్టుకుంటావేటి? నాను రేపో మాపో పోయీదాన్ని. ఆయమ్మ ఏటందో తెల్సుకోవాలని నేదేటి నీకు?"

"ఉందమ్మా. చాలా ఉంది." నోటుపుస్తకం విప్పి ఆ పంక్తి చదివి వినిపించాను. "మా ఆవిడ నాకప్పజెప్పిన పని ఇది. ఇది వదిలేసి ఆవిడ గొంతు వింటే, ఇంటికెళ్లి ఫొటో వైపు చూడలేను."

ఆమె లోటా పక్కకి జరిపి అడిగింది, "నాను కొట్టలేదని తేలితే?"

"తేలితే తేలుతుంది. నేను మీ పక్కనే కూచుంటాను."

"అయితే నాను కూడా వొత్తాను," అని పోలమ్మ చెంగు సర్దుకుంది. "మంచి కోక కట్టుకునీ వొత్తాను."

ఫరీదాకి ఫోను చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. గురువారం పొద్దున్న పదకొండింటికి పోలమ్మ నీలంకోక కట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని గోదాములోకి వచ్చింది. డేవిడ్ రాజు లేచి నిలబడి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. "ఈ బాబు పోలీసోడేటి?" అని ఆమె హడలిపోయింది. అందరం నవ్వాం. ఆ నవ్వు మాకు అవసరమైంది.

ఫరీదా పేజీని బోర్లా పెట్టి, "మీరు చూస్తారా సార్, అటు వెళ్తారా?" అంది. చూస్తానన్నాను. సన్నటి గొట్టంలోంచి ఆవిరి ఏడు అంకె మీదికి వచ్చింది. ఏమీ జరిగినట్టు కనిపించలేదు. పెన్సిలు నలుపు అలాగే ఉంది, అడ్డగీత అలాగే ఉంది. కాగితం మాత్రం ఒక్క ఊపిరి తీసుకున్నట్టు కొద్దిగా లేచి, తిరిగి అణిగింది. అంతే. ఆమె నవ్వుతూ అన్నది ఏదో, అది అందులోంచి వెళ్లిపోయింది. డేవిడ్ రాజు చెయ్యి నా వీపు మీద ఉంది. ఎప్పుడు వేశాడో చూడలేదు.

పేజీని తిప్పి చెవిపెట్టెలో పెట్టారు. పోలమ్మ నా పక్క కుర్చీలో ముందుకి వంగి కూర్చుంది.

ముందు గరగరమని ఇసక జల్లినట్టు చప్పుడు. దాని అడుగున ఎక్కడో దూరంగా తుమ్మెదలు మూగినట్టు రొద. విమానాలు. మొన కాగితం మీద టకటకమంటూ అక్షరాలు రాస్తోంది. ఒక మగ గొంతు, చాలా దగ్గర్లో, ఆయాసపడుతూ, "పోలీ! ఇదట్టుకో. నాను వొచ్చీదాకా కొట్టు. ఆపకు తల్లీ."

పోలమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో.

పరుగెత్తే అడుగులు దూరమయ్యాయి. పెన్సిలు జారడం మొదలైంది. సన్నగా గీరుతున్న చప్పుడు. ఒక సెకను. రెండు. మూడు. తెర మీద ఫరీదా వేలు గీతతోపాటు కదులుతోంది. నాలుగు. ఒక పసిపిల్ల వెక్కిళ్లు, "అయ్యా... అయ్యా..."

గంట లేదు.

పోలమ్మ కళ్లు మూసుకుంది. ఐదు. ఆరు. నేను లెక్కల మాస్టార్ని, నాకు లెక్కపెట్టడం అలవాటు, ఆ క్షణంలో ఆ అలవాటుని తిట్టుకున్నాను.

అప్పుడు మోగింది. టంగుమని ఒక్కటి, వంకరగా, బరువైన తాడు చిన్న చేతులకి లొంగనట్టు. ఆగింది. ఇంకొకటి. ఆ తర్వాత రెండు వెంటవెంటనే. గంట అదిరినప్పుడల్లా బల్ల అదిరి, పెన్సిలు ఇంత జారుతోంది. ఎనభై అయిదేళ్లు అందరూ పిరికితనమని చదివిన వంకర గీత, ఒక్కో వంకరా ఒక్కో గంట.

ఉన్నట్టుండి పెద్ద చప్పుడు. చెవిపెట్టె పొట్ట చిరిగినట్టయింది. తర్వాత మట్టి రాలుతున్న జలజల. పెన్సిలు ఆగినట్టే ఉంది. ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. ఏడేళ్ల పిల్ల. అక్కడితో తాడు వదిలేసి పరుగెత్తినా ఏ మనిషీ తప్పుపట్టలేడు.

టంగ్.

మళ్లీ. మళ్లీ. ఈసారి వెక్కిళ్లు లేవు. వరసగా, పంతం పట్టినట్టు, పేజీ అంచుదాకా, కాగితం అయిపోయేదాకా.

పోలమ్మ కళ్లు తెరిచింది. ఆమె కుడిచెయ్యి నా మణికట్టు వదిలి, గాల్లో పైనుంచి కిందికి, పైనుంచి కిందికి, తాడు లాగుతోంది. అలా లాగుతున్నట్టు ఆమెకి తెలుసో లేదో.

"గట్టిగానే కొడతన్నాను కదేటి!" అంది, మనవరాలి వైపు తిరిగి. మొహం వెలిగిపోతోంది. "సూడే, నీయమ్మమ్మ ఎంత గట్టిగా కొడతందో! బాంబు పడినా ఆపలేదే నాను!"

"ముప్పై ఒక్కసారి కొట్టారమ్మా. బాంబు పడకముందు తొమ్మిది, పడ్డాక ఇరవై రెండు," అంది ఫరీదా. ఆ పిల్ల బొటబొటా ఏడుస్తూనే లెక్క చెప్పింది. శాస్త్రవేత్తలు అలాగే ఉండాలి కాబోలు.

"మరి గౌరికి..." అని పోలమ్మ ఆగింది. ఎవరి దగ్గరా ఆ జవాబు లేదు. ఏ గీతలోనూ లేదు. కాసేపటికి ఆమే అంది, "ఇందో, ఇన్లేదో. నాను మాత్తరం పిలిచాను. పిలిచాను కదా." మళ్లీ కొంతసేపటికి, "మా అయ్య నిజిమే సెప్పాడు బాబూ. ఇన్నానన్నాడు. ఇన్నాడు."

డేవిడ్ రాజు వెళ్లి అందరికీ టీలు తెచ్చాడు. అధికారి వచ్చి, మొత్తం విని, లోపలికెళ్లి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వచ్చాడు. ఎర్రసిరా గీతని చెరపడానికి వీల్లేదు, అదీ రికార్డే, కానీ దాని పక్కన కొత్త కాగితం చేర్చడానికి నియమాల్లో అడ్డేమీ లేదన్నాడు. ఆ నియమం రాసినవాళ్లెవరో, వాళ్లకో నమస్కారం.

వార్డెన్ల జాబితా నేను మళ్లీ రాశాను. మైలపల్లి ఎర్రయ్య, నాలుగో నంబరు పోస్టు. దాని కింద ఇంకొక వరస. మైలపల్లి పోలమ్మ, వయసు ఏడేళ్లు, గంట మోగించినది, ముప్పై ఒక్కసారి. పోలమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, చదవడం రాకపోయినా, చివరిదాకా తడిమింది. "ఇందులో నానెక్కడున్నాను?" అని అడిగి, చూపిస్తే, అక్కడ కాసేపు వేలు ఆపింది.

ఇక పేజీని కొత్త కవరులో పెట్టి నంబరు వెయ్యాలి. ఖాళీ కవర్ల కట్ట ముందుకు లాక్కున్నాను. గాజుపలక పక్కనే ఉంది. తీసుకోలేదు. కట్ట మీదే పై కవరు పెట్టుకుని, మెత్తటి పెన్సిలు చెక్కుకుని, ఏడు అంకె వెయ్యడం మొదలుపెట్టాను. నడుముకి అడ్డగీతతో.

"సార్, అలా ఒత్తి రాయకూడదు," అంది ఫరీదా.

"తెలుసమ్మా."

ఆ పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి, అర్థమై, లేచి వెళ్లి ఫ్యాను కట్టేసి వచ్చింది. గదిలో ఏ చప్పుడూ లేకుండా పోయింది.

డేవిడ్ రాజు బల్ల మీదికి వంగాడు. "ఈసారి పంచదార సరిపోయింది. అది కూడా ఉండనివ్వండి," అన్నాడు కవరుకేసి చూస్తూ.

నేను అంకె మీద నెమ్మదిగా, లోతుగా, రెండోసారి దిద్దుతూ, పైకే అన్నాను, "తాయారూ, కనుక్కున్నాం. గంట మోగింది."